నాలుగు చక్రాలు, ఒకే పెడల్: కారు జారేటప్పుడు ఈఎస్‌సీ చేసే పని

పోయిన ఆగస్టులో బాబాయిని, పిన్నిని కారులో ఎక్కించుకుని హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్తున్నాను. మన్ననూరు దాటినప్పటి నుంచీ సన్నగా జల్లు పడుతూనే ఉంది. ఈగలపెంట దాటి డ్యాం వైపు దిగే మలుపుల్లో ఒకదాని దగ్గర, కుడికి తిరిగే మలుపులోకి గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో వెళ్లాక, ఆ మలుపు నేను అనుకున్నదానికంటే ఇరుకుగా ఉందని తెలిసి యాక్సిలరేటర్ మీది కాలు ఒక్కసారిగా తీసేశాను. మరుక్షణం బండి వెనుకభాగం ఎడమకు, అంటే లోయ ఉన్న వైపుకు, జారడం కంటికంటే ముందు నడుముకు తెలిసింది. నేను స్టీరింగ్‌ను వెనక్కి తిప్పాలని అనుకునేలోపే మీటర్ల మధ్య, జారుతున్న కారు బొమ్మ ఉన్న పసుపు దీపం రెండు మూడు సార్లు మిణుకుమంది, ముందు వైపు నుంచి గుర్రుమని చిన్న చప్పుడు వినిపించింది, బండి తిన్నగా అయింది.

“ఏంట్రా ఆ చప్పుడు? కింద ఏమైనా తగిలిందా?” అన్నారు బాబాయి.

“ఏం తగల్లేదు బాబాయ్. బండే బ్రేకు వేసుకుంది.”

“నువ్వు తొక్కకుండానా?”

ఆయన ముప్పై ఏళ్లుగా కారు నడుపుతున్నారు. నడిపేవాడి ప్రమేయం లేకుండా బండి బ్రేకు వేసుకోవడం ఆయనకు మింగుడుపడలేదు. డ్యాం కనిపించేదాకా నాకు తోచినట్టు చెప్పాను గాని, స్టీరింగ్ చేతిలో ఉండగా చెప్పగలిగింది కొంతే. మిగిలినది ఇక్కడ నిదానంగా రాస్తున్నాను.

ముందుగా అందరికీ తెలిసినా ఎవరూ ఆలోచించని విషయం ఒకటి చెప్పాలి. కారుకు నాలుగు చక్రాలు, నాలుగు బ్రేకులు ఉన్నాయి గాని మన కాలి కింద ఉన్న పెడల్ ఒక్కటే. ఎంత చేయి తిరిగిన డ్రైవరైనా, ఎన్ని లక్షల కిలోమీటర్లు నడిపినవాడైనా, ముందు ఎడమ చక్రానికి మాత్రమే బ్రేకు వేయలేడు. ఈఎస్‌సీ అని పిలిచే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ ఆ పని చేయగలదు. దాని బలమంతా ఇందులోనే ఉంది. అది మనకంటే తెలివైనది అని కాదు, మనకు లేని పనిముట్టు దానికి ఉంది అని నా ఉద్దేశం.

ఒక్క చక్రానికి బ్రేకు వేస్తే ఏమవుతుందో పడవను గుర్తు చేసుకుంటే తెలుస్తుంది. కదులుతున్న పడవలో ఎడమ పక్కన తెడ్డును నీటిలో గట్టిగా అదిమి పడితే పడవ ముక్కు ఎడమకు తిరుగుతుంది. కారు ఎడమ చక్రాన్ని వెనక్కి లాగినా అంతే. ఆ రోజు నా బండి వెనుకభాగం ఎడమకు జారుతోంది, అంటే ముక్కు కుడికి అవసరానికి మించి తిరుగుతోంది. దాన్ని ఆపాలంటే ముక్కును ఎడమకు లాగాలి. అందుకు ముందు ఎడమ చక్రం, అంటే మలుపుకు బయటివైపున్న ముందు చక్రం, సరైన చోటు. మలుపులో బరువంతా బయటివైపుకు, దిగుడులో ముందువైపుకు ఒరుగుతుంది కాబట్టి ఆ క్షణాన రోడ్డును అన్నింటికంటే గట్టిగా అదుముకుని ఉన్న చక్రం కూడా అదే.

ఇది ఎంత బలమో చిన్న లెక్క వేసి చూడవచ్చు. ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ మధ్య దూరం మీటరున్నర అనుకుంటే, బండి మధ్యగీత నుంచి చక్రం ముప్పావు మీటరు దూరంలో ఉంటుంది. ఆ చక్రం దగ్గర బ్రేకు 2000 న్యూటన్ల బలంతో, అంటే సుమారు 200 కిలోల బరువంత బలంతో, వెనక్కి లాగితే బండిని తిప్పే టార్క్ 1500 న్యూటన్ మీటర్లు అవుతుంది. చిన్న కారు జడత్వ భ్రామకాన్ని (తిప్పబోతే బండి ఎంత మొండికేస్తుందో చెప్పే కొలత) 1500 కిలోగ్రామ్ మీటర్ స్క్వేర్ అనుకుంటే, ఆ టార్క్ సెకనులో అయిదో వంతు కాలంలో బండి తిరిగే వేగాన్ని సెకనుకు 11 డిగ్రీలకు పైగా మార్చేస్తుంది. ఈ అంకె ఎంత పెద్దదో తెలియాలంటే ఇంకొక లెక్క పక్కన పెట్టాలి: 100 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపులో గంటకు 72 కిలోమీటర్ల వేగంతో సవ్యంగా వెళ్తున్న కారు తన చుట్టూ తాను తిరిగే వేగం సెకనుకు దాదాపు 11.5 డిగ్రీలే. అంటే ఒక మలుపు తిరగడానికి కావలసినంత తిప్పుడును ఒక్క బ్రేకు, కనురెప్ప వేసే వ్యవధి కంటే ఎంతో ఎక్కువ తీసుకోకుండా, పుట్టించగలదు లేదా చంపేయగలదు.

బండి జారుతోందని దానికి ఎలా తెలుస్తుందన్నది బాబాయి రెండో ప్రశ్న. నా దృష్టిలో ఈ యంత్రంలో అన్నింటికంటే అందమైన భాగం ఇదే. ఈఎస్‌సీ రోడ్డును చూడదు. తడి ఉందో, ఇసుక ఉందో, మలుపు ఎంత ఇరుకో దానికి ముందుగా తెలియదు. అది రెండే ప్రశ్నలు వేసుకుంటుంది: నడిపేవాడు ఎటు వెళ్లాలనుకుంటున్నాడు, బండి నిజంగా ఎటు వెళ్తోంది. మొదటి ప్రశ్నకు జవాబు స్టీరింగ్ కడ్డీ మీద ఉండే కోణపు సెన్సర్ ఇస్తుంది. స్టీరింగ్ ఎన్ని డిగ్రీలు తిరిగింది, చక్రాలు ఎంత వేగంతో తిరుగుతున్నాయి అన్నవి తెలిస్తే, పట్టు చెడని రోడ్డు మీద ఈ బండి సెకనుకు ఎన్ని డిగ్రీలు తిరగాలో కంప్యూటర్ లెక్కగట్టగలదు. రెండో ప్రశ్నకు జవాబు బండి మధ్యభాగంలో ఉండే యా రేట్ సెన్సర్ ఇస్తుంది. బొంగరం తన ములికి మీద తిరిగినట్టు కారు తన నడిమి నిలువుగీత చుట్టూ ఎంత వేగంగా తిరుగుతోందో అది కొలుస్తుంది. దాని పక్కనే బండిని పక్కకు తోసే త్వరణాన్ని కొలిచే సెన్సర్ కూడా ఉంటుంది. లెక్కలో వచ్చిన తిప్పుడూ, కొలతలో వచ్చిన తిప్పుడూ ఒకటే అయినంతసేపు ఈఎస్‌సీ ఏమీ చేయదు. ఈ వ్యవస్థను మొదట తయారుచేసిన బాష్ కంపెనీ, ఈ పోలిక సెకనుకు 25 సార్లు జరుగుతుందని చెబుతుంది. మనం నెలల తరబడి బండి నడిపినా ఆ దీపం ఒక్కసారైనా వెలగకపోవచ్చు గాని, లోపల పోలిక మాత్రం ఆగదు.

యా రేట్ సెన్సర్ లోపల సిలికాన్ మీద చెక్కిన అతి చిన్న ముక్క ఒకటి నిరంతరం అటూ ఇటూ కంపిస్తూ ఉంటుంది. బండి తిరిగినప్పుడు కొరియోలిస్ బలం ఆ ముక్కను దాని కంపన దిశకు అడ్డంగా ఇంకొక దిశలోకి నెడుతుంది. ఆ కాస్త జరుగుడును విద్యుత్ సంకేతంగా చదువుతారు. ఋతుపవన గాలులను పక్కకు మళ్లించే సూత్రమే, గోటి మీద పట్టేంత చిప్పులో కూర్చుని మన బండి వెనుక జారుడును పట్టుకుంటుందని తెలిసిన రోజు నాకు కలిగిన ఆశ్చర్యం ఇప్పటికీ పోలేదు.

జారుడులో రెండు రకాలు ఉన్నాయి. నాకు ఘాట్‌లో ఎదురైనది ఓవర్‌స్టీర్: వెనుక చక్రాలు ముందుగా పట్టు వదిలి బండి కావలసినదానికంటే ఎక్కువ తిరగడం. దిగుడులో యాక్సిలరేటర్ ఒక్కసారిగా వదిలితే బరువు ముందుకు ఒరిగి వెనుక చక్రాలు తేలికవుతాయి. తడి రోడ్డు మీద అది చాలు. రెండోది అండర్‌స్టీర్: స్టీరింగ్ తిప్పినా ముందు చక్రాలు పట్టు లేక బండి నేరుగా వెళ్లిపోవడం. అప్పుడు ముందు చక్రాలను ఇంకా అడగడంలో అర్థం లేదు, వాటి దగ్గర ఇవ్వడానికి ఏమీ మిగల్లేదు. అందుకని ఈఎస్‌సీ మలుపు లోపలివైపున్న వెనుక చక్రానికి బ్రేకు వేసి ముక్కును లోపలికి లాగుతుంది, దానితోపాటు ఇంజన్ శక్తిని తగ్గిస్తుంది. అయితే అసలు ప్రాణాపాయం ఓవర్‌స్టీర్‌లోనే ఎక్కువ. బండి ముక్కు ఒకవైపు, ప్రయాణం ఇంకొకవైపు అయినప్పుడు ఆ రెండింటి మధ్య కోణం పెరిగేకొద్దీ స్టీరింగ్ తన అధికారాన్ని కోల్పోతుంది. పొడి తారు రోడ్డు మీద ఆ కోణం సుమారు 12 డిగ్రీలు, నున్నటి మంచు మీద సుమారు 2 డిగ్రీలు దాటిందంటే, స్టీరింగ్ ఎంత తిప్పినా బండిని మళ్లించే బలం దాదాపు పుట్టదు. ఆ గీత దాటకముందే పట్టుకోవాలి. మనిషి గుర్తించి, నిర్ణయించి, చేయి కదిపేసరికి గడిచే కాలంలో ఆ గీత దాటిపోవచ్చు.

ఇక బాబాయి మొదటి ప్రశ్న: తొక్కకుండా బ్రేకు ఎలా పడుతుంది? గట్టిగా తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఒక్కటే ఉన్న బండిలో ఇది సాధ్యం కాదు. ఏబీఎస్‌లో ఒక్కో చక్రానికి రెండేసి చొప్పున ఎనిమిది వాల్వులు ఉంటాయి. ఒకటి బ్రేకు ఆయిల్‌ను లోపలికి రానిస్తుంది, ఇంకొకటి బయటికి వదులుతుంది. మన కాలు పుట్టించిన ఒత్తిడిని అవి ఆపగలవు, తగ్గించగలవు, తిరిగి మన కాలి ఒత్తిడి మేరకు పెంచగలవు. కాలు పెడల్ మీద లేకపోతే వాటికి పని లేదు. ఈఎస్‌సీ కోసం ఆ వాల్వుల దిమ్మెకు మరో నాలుగు వాల్వులు చేరి మొత్తం పన్నెండు అవుతాయి. కొత్తవాటిలో రెండు, పెడల్ నుంచి వచ్చే దారిని మూసేస్తాయి, మిగతా రెండు మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ను నెట్టే భాగం) నుంచి ఆయిల్‌ను పంపులోకి పీల్చుకోనిస్తాయి. మోటారుతో నడిచే ఆ పంపే ఒత్తిడి పుట్టించి, ఏ చక్రానికి కావాలో ఆ చక్రం వాల్వును మాత్రం తెరిచి ఉంచి, మిగతా మూడింటినీ మూసి, ఒక్కదానికే పంపుతుంది. బాబాయికి వినిపించిన గుర్రుమనే చప్పుడు ఆ పంపుదీ ఆ వాల్వులదీ. కింద ఏదో తగిలిందేమోనని బండి ఆపి చూసుకునేవారు ఉంటారు, కంగారుపడనక్కరలేదు.

ఈ ఆలోచనను రోడ్డు మీదికి తెచ్చినవారిలో ముందు చెప్పుకోవలసిన పేరు ఆంటన్ వాన్ జాంటెన్. నెదర్లాండ్స్‌కు చెందిన ఈ ఇంజనీరు బాష్‌లో ఆ బృందానికి నాయకత్వం వహించారు. బాష్, మెర్సిడెస్ బెంజ్ కలిసి రూపొందించిన ఈఎస్‌పీ (ఈఎస్‌సీకి వాళ్లు పెట్టిన పేరు) 1995లో ఎస్ క్లాస్ కారులో మొదటిసారి అమ్మకానికి వచ్చింది. అదే ఏడాది టయోటా కూడా జపాన్‌లో తన క్రౌన్ మెజెస్టాలో ఇలాంటి వ్యవస్థను తెచ్చింది. వాన్ జాంటెన్‌కు 2016లో యూరోపియన్ పేటెంట్ ఆఫీసు జీవిత సాఫల్య పురస్కారం ఇచ్చింది. ఆయన పేరు కార్లు నడిపే వందమందిలో ఒక్కరికైనా తెలియకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ధనవంతుల కార్లకే పరిమితమైన ఈ వ్యవస్థ చిన్న కార్లలోకి దిగిరావడానికి కారణం ఒక కారు పల్టీ. 1997 అక్టోబరులో స్వీడన్‌లోని టెక్నికెన్స్ వర్ల్డ్ అనే పత్రిక, అప్పుడే వచ్చిన మెర్సిడెస్ ఏ క్లాస్ కారును పరీక్షించింది. రోడ్డు మీదికి హఠాత్తుగా దుప్పి వచ్చిందనుకుని బ్రేకు తొక్కకుండా పక్కకు తప్పించి మళ్లీ తన వరుసలోకి రావడం ఆ పరీక్ష. స్వీడన్‌లో ఎల్గ్ అనే భారీ దుప్పి రోడ్డుకు అడ్డం రావడం, మనకు గేదె అడ్డం వచ్చినంత మామూలు. గంటకు 60 కిలోమీటర్లకు అటూ ఇటూ వేగంలో ఆ కారు బోల్తా పడింది. కంపెనీ కొన్ని వారాలు అమ్మకాలు ఆపి, సస్పెన్షన్ మార్చి, ప్రతి ఏ క్లాస్ కారుకూ ఈఎస్‌పీ బిగించింది.

ఇక్కడ జాగ్రత్తగా చూడవలసిన సంగతి ఒకటి ఉంది. ఆ కారు పట్టు లేక పడలేదు, దాని ఎత్తుకు తగనంత పట్టు ఉండడం వల్ల పడింది. టైర్లు రోడ్డును వదలకపోతే, పైనున్న బరువు బయటివైపు టైర్ల మీదుగా దొర్లుతుంది. మరి బ్రేకు వేస్తే అది ఎలా ఆగుతుంది? టైరు పట్టును పది పాళ్లు అనుకుందాం. మలుపు తిరగడానికి ఎనిమిది పాళ్లు వాడితే బ్రేకుకు రెండు మిగులుతాయని మనం అనుకుంటాం గాని, నిజానికి ఆరు మిగులుతాయి, ఎందుకంటే ఈ రెండు బలాలు లంబకోణంలో ఉంటాయి, ఆరూ ఎనిమిదీ కలిసి పది అయ్యే త్రిభుజం లెక్క అది. ఇదే లెక్కను తిరగేస్తే, బ్రేకుకు ఎనిమిది పాళ్లు లాగేసుకుంటే పక్కకు పట్టుకోవడానికి ఆరే మిగులుతాయి. ముందు బయటి చక్రానికి గట్టిగా బ్రేకు వేసినప్పుడు ఈఎస్‌పీ చేసింది ఇదే: వేగం తగ్గించింది, ముక్కును సరిచేసింది, ఆ టైరు పక్కవాటు పట్టును కాస్త తీసేసి, దొర్లవలసిన బండిని కొద్దిగా జరగనిచ్చింది.

ఆ తర్వాత పరీక్షలు చట్టాలయ్యాయి. అమెరికా 2007లో నియమం చేసి 2012 మోడల్ నుంచి అన్ని కార్లకూ తప్పనిసరి చేసింది. ఐరోపాలో 2014 నవంబరు నుంచి ప్రతి కొత్త కారుకూ ఉండాలి. అమెరికా పరీక్షలో గంటకు 80 కిలోమీటర్ల వేగంలో యంత్రం స్టీరింగ్‌ను ఒకవైపుకు, వెంటనే రెండోవైపుకు తిప్పి, అర సెకను అక్కడే పట్టుకుని, మధ్యకు తెస్తుంది. ఆ తర్వాత ఒక సెకనుకు బండి తిరుగుడు వేగం దాని గరిష్ఠంలో 35 శాతానికి, 1.75 సెకన్లకు 20 శాతానికి మించి ఉండకూడదు. ఈ నియమం చేసేటప్పుడు అక్కడి రహదారి భద్రతా సంస్థ వేసిన అంచనా ప్రకారం, ఇంకొక బండి ప్రమేయం లేకుండా తమంతట తాము అదుపు తప్పే ప్రమాదాలు మామూలు కార్లలో 34 శాతం, ఎత్తైన ఎస్‌యూవీలలో 59 శాతం తగ్గుతాయి. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి అన్ని కొత్త కార్లకూ ఏబీఎస్ తప్పనిసరి. కార్ల భద్రతను పరీక్షించి నక్షత్రాలు ఇచ్చే, 2023 అక్టోబరులో మొదలైన భారత్ ఎన్‌క్యాప్ రేటింగ్‌లో మూడు నక్షత్రాలు, అంతకు మించి రావాలంటే ఈఎస్‌సీ ఉండాలి. కారు కొనేటప్పుడు ఏబీఎస్ ఉంది కదా అని దీన్ని వదిలేయవద్దని మా ఇంట్లో అందరికీ చెబుతుంటాను. సన్‌రూఫ్ కోసం పై వేరియంట్‌కు వెళ్లేవారు ఈ ఒక్క మాట కూడా అడిగి తెలుసుకోవాలి. ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టింది, ఒకచోట ఈఎస్‌పీ, ఒకచోట వీఎస్‌సీ, ఇంకొకచోట వీఎస్ఏ అంటారు. సారం ఒకటే.

దీనివల్ల కానిది కూడా చెప్పాలి. ఈఎస్‌సీ పట్టును పంచుతుంది, పుట్టించదు. నా ఘాట్ మలుపు వ్యాసార్ధం 30 మీటర్లు అనుకుంటే, నలభై వేగంలో టైర్లు పక్కకు ఇవ్వవలసిన త్వరణం గురుత్వంలో సుమారు 0.4 వంతు. అరిగిన టైర్లు, తడి తారు కలిస్తే అక్కడికే గగనం. అదే మలుపులోకి యాభైతో వెళ్తే వేగం పావు వంతే పెరుగుతుంది గాని, వేగం వర్గంతో లెక్క కాబట్టి అవసరం సగానికి పైగా పెరుగుతుంది. అప్పుడు నాలుగు చక్రాలకూ లేని పట్టును ఏ కంప్యూటరూ తేలేదు. బురదలోనో ఇసుకలోనో చక్రాలు కూరుకుపోయినప్పుడు మాత్రం ఇంజన్ శక్తిని కోసేసే దాని స్వభావం అడ్డొస్తుంది, అందుకే ఆపే బటన్ ఇస్తారు. బయటపడగానే మళ్లీ నొక్కాలి.

చివరగా, దీన్ని చూసుకోవడం గురించి నాకు జరిగినది రాస్తాను. శ్రీశైలం ప్రయాణానికి కొన్ని నెలల ముందు, మా ఊరి రోడ్ల గుంతలు తగిలి బండి ఒకవైపుకు లాగుతుంటే వీల్ అలైన్‌మెంట్ చేయించాను. చేసినవారు చక్రాలను తిన్నగానే పెట్టారు గాని స్టీరింగ్ కాస్త ఎడమకు ఒరిగి ఉంది. “అది అలవాటైపోతుంది సార్” అన్నారు. మర్నాడు పసుపు దీపం వెలిగి, మిణుకుమనకుండా అలాగే నిలిచిపోయింది. మిణుకుమంటే పని చేస్తోందని, నిలకడగా వెలిగితే పని మానేసిందని అర్థం. కారణం ఊహించవచ్చు: బండి తిన్నగా వెళ్తోందని యా రేట్ సెన్సర్ చెబుతోంది, నడిపేవాడు ఎప్పుడూ ఎడమకు తిప్పుతున్నాడని స్టీరింగ్ సెన్సర్ చెబుతోంది. ఇద్దరు సాక్షుల మాట కలవకపోతే ఎవరిని నమ్మాలో తెలియక వ్యవస్థ పక్కకు తప్పుకుంది. తప్పు సాక్ష్యం నమ్మి తప్పు చక్రానికి బ్రేకు వేయడం కంటే అదే మేలు. సర్వీసు కేంద్రంలో స్టీరింగ్‌ను నడిమికి తెచ్చి, స్కానర్ తగిలించి, ఆ కోణపు సెన్సర్‌కు సున్నా ఎక్కడో మళ్లీ నేర్పించడానికి పావుగంట పట్టింది.

ఇదంతా చెప్పాక సున్నిపెంటలో టీ తాగుతూ బాబాయి తన బండి తాళంచెవి నా చేతికిచ్చి, “ఊరికి వెళ్లాక దీంట్లో ఉందో లేదో చూసి పెట్టు” అన్నారు. తిరిగి వచ్చాక చూశాను. ఇంజన్ స్టార్ట్ చేయగానే ఏబీఎస్ దీపం వెలిగి ఆరింది. దాని పక్కన జారే కారు బొమ్మ లేదు. ఆయన బండి ముందు టైర్లు బాగా అరిగి ఉన్నాయి, ఆ వారమే నాలుగూ మార్పించాం.